నిలబడినోనికి బొమ్మ కనపడదు

మొన్న గడ్డం గీయించుకుందామని మా వీధి మలుపులో ఉన్న కటింగు షాపుకు పోయినాను. షాపాయన ముఖానికి నురగ పట్టించి, కత్తి చేతిలో పట్టుకొని ఏదో ఊరి రాజకీయం చెబుతాండాడు. నా కండ్లు మాత్రం ఎదురుగా ఉన్న అద్దం మీద నిలిచినాయి. కొత్తగా తగిలించినాడు. మామూలు అద్దం నాలుగు పక్కలా సమంగా ఉంటుంది. ఇది పైన వెడల్పు, కిందికొచ్చే కొద్దీ సన్నం. ఈ వాటం యాడనో చూసినానే అనుకుంటూ, మెడకు కట్టిన గుడ్డలోనుంచి చెయ్యి బయటికి తీసి, ముందుకు వంగి అద్దానికి గోరు ఆనించినాను.

నా గోరూ, అద్దంలో గోరూ ఒకదానికొకటి తగిలినాయి.

ఒళ్ళు జల్లుమనింది.

మీ ఇంట్లో అద్దానికి గోరు ఆనించి చూడండి. మీ గోటికీ నీడ గోటికీ మధ్య సన్నగా సందు కనపడుతుంది. పూత గాజు వెనకాల ఉంటుంది గాబట్టి, ఆ సందు గాజు మందం. ఈ అద్దానికి పూత ముందరే ఉంటుంది. ఇట్లాంటి అద్దం మా ఊర్లోకి ఒక్కటే వచ్చింది నాకు తెలిసి.

"యాడిదప్పా ఈ అద్దం?" అంటి.

"పాత సామాన్లు కొనే గుజిరీ అంగట్లో దొరికింది పెద్దాయనా. ఏదో బీరువా అంత టీవీని పగలగొడుతాంటే లోపల ఉండింది. బాగుండాది గానీ, తుడిచే కొద్దీ గీతలు పడతాండాయి."

"తుడిచినావా? దేంతో?"

"ఈ తువ్వాలతోనే."

"ఎవడు తుడవమన్నాడు నిన్ను!" అని సగం నురగతో కుర్చీలోంచి లేచినాను. షాపాయన కత్తి వెనక్కి తీసుకున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు? ఆ అద్దాన్ని దాని యజమాని పన్నెండేండ్లు ఒక్కనాడు గుడ్డతో ముట్టలేదు. ఏడాదికొకసారి పెట్టె వెనక తలుపు విప్పి, ఊపిరి బిగబట్టి, నెమలీకతో దుమ్ము రాల్చేవాడు. మాకా, దుమ్ముకేం కొదవ? వాన రాదు గానీ దుమ్ము మాత్రం వేళకు వస్తుంది.

ఆయన పేరు రాయను. "నేసినోని పేరు చీర మీద ఉండదు, కాగితం మీద మాత్రం ఏంటికప్పా" అని ఆయనే అనేవాడు. ధర్మవరంలో మావి ఎదురెదురిండ్లు. ఆయన నేసేవాడు, నేను పట్టునూలుకు రంగులు వేసేవాణ్ని. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. అన్నా అనేవాణ్ని. ఏ వస్తువునైనా ఎడమ కన్ను మూసి చూసేవాడు. చీర గానీ, తలుపు గానీ, పెండ్లి పత్రిక గానీ, కుడి బొటనవేలి గోటిని దానిమీద పెట్టి అట్ల రోంత జరిపేవాడు. ఆ గోటి నడుమ నిలువుగా ఒక గాడి ఉండేది. చిన్నప్పటినుంచీ జరీ పోగు దానిమీంచే పోయి పోయి కోసిన గాడి. లెక్క తప్పిన పోగు ఆ గాడిలో పడితే ఆయనకు తెలిసిపోయేది.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి, ముందు పనికొస్తుంది. నేను బడికి పోలేదు. కన్నడ దేశం నుంచి వచ్చే పట్టు కట్టలకు చుట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలుగు కంటే ముందు కన్నడ అక్షరాలు వచ్చినాయి. తర్వాత రంగు డబ్బాల మీద ఇంగ్లీషు. బడికి పోయినోళ్ళు ఈరోజు ఏం చదువుతాండారో చూస్తానే ఉన్నాను. అరచేతంత ఫోనులో ముఖం పెట్టుకొని, పక్కన మనిషి పడిపోయినా తల ఎత్తరు. ఒక ఇంట్లో నలుగురుంటే నాలుగు బొమ్మలు. కోపం రాదా మరి? ఒకే బొమ్మను నలభై మంది చూసిన ఇల్లు నేను చూసినాను.

ఆ టీవీని ఆయన బెంగుళూరులో చూసినాడు. చీరలు ఇచ్చేదానికి పోయినప్పుడు ఒక హోటలోళ్ళు హాలు బాగుచేయిస్తా దాన్ని బయట పెట్టినారంట. తాడిపత్రి బండలు దింపి ఖాళీగా తిరిగొస్తాండే లారీలో వేయించుకొని వచ్చినాడు. దించేదానికి ఎనిమిది మంది పట్టినాం. నల్లటి పెట్టె. మనిషి ఎత్తుకు కాస్త తక్కువ, మంచం పొడుగంత వెడల్పు. వాకిలి పట్టలేదు. ద్వారబంధం ఊడబెరికి, పక్కన రాళ్ళు రెండు వరసలు తీసినాము. సందులో జనమంతా చేరినారు.

"ఏమన్నా, ఐసు పెట్టెనా?"

"లోపల మనుషుల్ని పెట్టి ఆడిస్తారేమో అడగప్పా!"

"రేయ్, దీన్నే ఇల్లని బాడుగకు ఇచ్చేయొచ్చు!"

ఆయన నవ్వుతా చెమట తుడుచుకున్నాడు. అందరూ అది గొప్పకు తెచ్చినాడనుకున్నారు. కాదు. వదిన కోసం తెచ్చినాడు.

వదినది గార్లదిన్నె పక్క పల్లె. వాళ్ళ నాయన చెనిక్కాయ, అదే వేరుశెనగ, పండించేవాడు. పెండ్లయి వచ్చినాక మగ్గం నేర్చుకొని ఆ ఇంట్లో రెండో మగ్గం ఆమే నడిపింది. నలభై దాటినాక చూపు మసకబారింది. కంటి వెనక నరం ఎండిపోతాంది, అద్దాలతో కుదిరేది కాదు, ఆపరేషనుతో అయ్యేది కాదు, పెద్ద పెద్దవి కనపడతాయి, ఉన్నన్నాళ్ళు ఉంటుంది అని ఆసుపత్రిలో చెప్పినారు. ఆమె మగ్గం తీసేసినారు. కాళ్ళు పెట్టుకొనే గుంత మాత్రం నేలలో అట్లనే మిగిలింది.

చూపున్న రోజుల్లో ఆమె ఒక మాట అనేది: "నెమిళ్ళు, హంసలు, మామిడి పిందెలు... అన్నీ నేస్తారు. మన చేలో ఏముందో అది నెయ్యి, చూస్తాం." ఆమెకు చూపు తగ్గినాక ఆయన కూచొని ఒక అంచు గీసినాడు. తీగ, తీగకు జంట ఆకులు, ఆకుల కింద చెనిక్కాయలు. నడుము నొక్కుకున్న కాయ, దానిమీద గళ్ళు గళ్ళుగా నరాలు. కుంకుమ రంగు మీద జరీ. ఆ కుంకుమ నేను వేసిందే. నేసి ఆమె చేతికిచ్చినాడు. ఆమె వేలితో తడిమి, "బాగుండాది" అనింది.

"తడిమితే కాయ తెలుస్తాదా అప్పా?" అన్నాడు నాతో. "బాగుండాది అనింది. నా మొగం చూసి అన్నట్టుండాది గానీ, చూసి అన్నట్టు లేదు. ఆమె చూడని అంచు నేను నేసినట్టు గాదు."

ఆ చీరను షావుకారు దగ్గరికి తీసుకుపోయినప్పుడు నేనూ ఉన్నాను. అంగట్లో తెల్లపరుపు మీద షావుకారు కూచొని ఉంటాడు. నేతగాళ్ళు మోచేతుల మీద చీరలు వేసుకొని ఎదురుగా నిలబడతారు. నా డెబ్బై ఏండ్లకు పైబడిన బతుకులో నేతగాణ్ని కూచోమన్న అంగడి నేను చూడలేదు. రాసి పెట్టుకోండి. ఎనిమిది గజాలు కూచొని నేసినోడు, అది ఇచ్చేదానికి నిలబడాలి!

షావుకారు అంచు చూసి నవ్వినాడు. "చెనిక్కాయలేందప్పా చీర మీద? కట్టేదానికా, ఒలుచుకొని తినేదానికా?"

నెల తిరక్కముందే ఆ అంచు బెంగుళూరులో ఆడింది. మళ్ళీ పోయేసరికి అంగట్లో దానికి పేరు మారింది. బాదంకాయ అంచు.

"అది బాదంకాయ గాదు షావుకారీ," అన్నాడు ఆయన.

"సిటీవోళ్ళకి చెనిక్కాయంటే నోట్లో పోసుకునేదప్పా. బాదం అంటే గౌరవం. నువ్వు ఉండు, అట్ల నిలబడు, నీ ముందర ఇంగొకరు ఉండారు."

నిలబడినాడు. ఏం చేస్తాడు? నాకు మాత్రం కడుపు మండింది. ఇప్పటికీ మండుతుంది.

ఇంగ ఆ టీవీ సంగతి. అది ఇప్పటి పలక టీవీల మాదిరి కాదు. పెట్టె అడుగున మూడు గొట్టాలు ఉంటాయి. ఒకటి ఎర్రబొమ్మ, ఒకటి ఆకుపచ్చ బొమ్మ, ఒకటి నీలం బొమ్మ వేస్తుంది. మూడూ వెనకున్న ఆ అద్దానికి తగిలి, ముందున్న తెర మీద ఒకదానిమీద ఒకటి పడతాయి. దానికొక గుణం ఉండేది. నేల మీద, తెరకు నేరుగా కూచున్నోనికి బొమ్మ దీపం మాదిరి వెలిగేది. లేచి నిలబడితే చీకటి. కుర్చీలో కూచున్నా సగం మసక.

"కూచోండి! నిలబడినోనికి బొమ్మ కనపడదు!" ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా ఆయన మొదటి మాట అదే. కరెంటు బిల్లు ఇచ్చేదానికి వచ్చినాయన్ని కూచోబెట్టినాడు. ఓట్లడిగేదానికి వచ్చినాయన్ని కూడా కూచోబెట్టినాడు. నమస్కారం పెడతానే మోకాళ్ళు మడిచినాడా పెద్దమనిషి!

ఇంగొక పట్టుదల ఉండేది. అప్పటి ఛానళ్ళ బొమ్మ నలుచదరం, తెరేమో వెడల్పు. మీట నొక్కితే బొమ్మ సాగి తెరంతా నిండుతుంది. ఆయన నొక్కనిచ్చేవాడు కాదు. రెండు పక్కలా నల్లని పట్టీలు వదిలేసేవాడు. "ఇంత తెర పెట్టుకొని పిసినారితనం ఏందన్నా" అని సందంతా తగువు. "మనుషుల్ని సాగదీసేదానికి నేనెవడ్నిరా? ఉన్నంత ఉన్నట్టు చూడండి," అనేవాడు. వదిన తెరకు చేతి దూరంలో చాప మీద కూచొనేది. అన్నేండ్ల తర్వాత ఆమె మనుషుల కండ్లు, ముక్కులు చూస్తా ఉంటే, ఆయన టీవీ చూసేవాడు కాదు. ఆమెను చూసేవాడు.

ఇట్లుండగా ఒకరోజు ఏదో ఛానలోళ్ళు పట్టుచీరల మీద కార్యక్రమం తీస్తామని వచ్చినారు. షావుకారే వాళ్ళను తోడుకొని ఈయనింటికి వచ్చినాడు. మగ్గం కాడ సగం రోజు తీసినారు. అంచు దగ్గర, చేతుల దగ్గర కెమెరా ఆనించినట్టే పెట్టి తీసినారు. "నువ్వు నెయ్యప్పా చాలు, మాట్లాడేది నేను మాట్లాడతా," అన్నాడు షావుకారు.

ఆదివారం పదకొండు గంటలకు వేస్తారని తెలిసింది. ఆయన పరిగెత్తుకుంటా మా ఇంటికి వచ్చినాడు. అరవై దాటిన మనిషి, సందులో పరుగు!

"అప్పా! ఆమె చూస్తాది! అంత తెర మీద కాయ ఇంత వస్తాది!" అని రెండు చేతులూ చాచి గుమ్మడికాయంత చూపించినాడు.

షావుకారు కూడా కబురు పంపినాడు, నేనూ వస్తానని. తన ముఖం అంత పెద్దగా చూసుకోవాలని ఆయన ముచ్చట. పెద్దమనిషి వస్తాండాడు గదా, జనానికి జాగా కావాలని ఆదివారం పొద్దున్నే మేమిద్దరం ఆ పెట్టెను గోడవైపు ఒక జానెడు జరిపినాం. స్విచ్చి వేసినాం.

వార్తలు చదివే ఆమెకు మూడు ముఖాలు. ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, నీలంది ఒకటి. పెట్టె కదిలిన కుదుపుకు మూడు బొమ్మలూ చెదిరినాయి.

ఆయన ముఖంలో నెత్తురు లేదు. "అప్పా, ఇట్లుంటే జరీ చీలిపోతాది. ఆమెకు అసలే మసక. ఏమీ తెలీదు," అన్నాడు. గడియారం ఎనిమిది కొట్టింది.

రిమోటు నా చేతికిచ్చినాడు. తెరమీద వచ్చే ఇంగ్లీషు కూడబలుక్కొని చదివేది నేనే గదా. ఒక్కొక్క మాటా చదువుకుంటా, నొక్కుకుంటా పోతే, ఉన్నట్టుండి తెరంతా గీతలు పడినాయి. అడ్డగీతలు, నిలువుగీతలు. ఆయన ఎడమ కన్ను మూసినాడు. ఆ ముఖం ఒక్కసారి వెలిగిపోయింది.

"చూస్తివా? పడుగూ పేకా!"

"నాకు మూడు పడుగులు కనపడతాండాయి."

"పచ్చ ఒకటే పడుగప్పా. చూడు, అది కదలదు. ఎరుపూ, నీలమూ దాని మీదికి రావల్ల."

ఆడ నాకు కోపం వచ్చింది. "పచ్చ ఏందన్నా? మూల రంగులు ఎరుపు, పసుపు, నీలం. ఆకుపచ్చ అనేది పసుపులో నీలం పోస్తే వచ్చేది. దీన్ని చేసినోనికి రంగులు తెలీవు. పసుపు గొట్టం పెట్టాల్సిన చోట పచ్చ గొట్టం పెట్టినాడు. ఇది ఎప్పటికీ కలవదు."

నలభై ఏండ్లు కాగుల్లో చేతులు ముంచినోణ్ని. నాకు చెబుతారా? పసుపు యాడ దాచిపెట్టినారో అని అరగంట రిమోటు నొక్కుతా వెతికినాను. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"పసుపు సంగతి తర్వాత చూద్దాం. ఎరుపు కిందికి రానీ," అన్నాడు ఆయన. "రోంత. ఇంగ రోంత. చాలు. కుడికి. ఒక పోగు. అర్ధపోగు!"

"ఎరుపులో పచ్చ పోస్తే ఏమొస్తుందో తెలుసునా నీకు? పేడ రంగు వస్తుంది!" అని అరుస్తానే నొక్కినాను.

ఎర్రగీత పచ్చగీత మీద పడింది. పసుపు!

కడిగిన పసుపుకొమ్ము మాదిరి గీత. పక్క గీత పడింది, అదీ పసుపే. నలభై ఏండ్లలో నా కాగులో ఎన్నడూ జరగంది నా కండ్ల ముందర జరిగింది.

ఆయన నేల మీద చరిచి నవ్వినాడు. "నీ కాగులో కలిసేది నీళ్ళు గదప్పా! ఈడ కలిసేది వెలుతురు. చూడు, జరీ వచ్చింది! జరీ!"

నీలాన్ని కూడా దానిమీదికి తెచ్చేసరికి గీతలన్నీ తెల్లబడినాయి. మూల మూలకూ ఆయన మోకాళ్ళ మీద పాక్కుంటా పోయి, ఆ గాడిపడిన గోటిని గీత మీద పెట్టి చూసినాడు. ఎక్కడా చీలిక లేదు. పదకొండుకు పది నిమిషాలుంది.

ఇల్లు నిండింది. షావుకారు గంజిపెట్టిన పంచె కట్టుకొని వచ్చినాడు. కుర్చీ వేయించుకున్నాడు. కూచున్నాడు. "ఏమప్పా, నల్లగా ఉండాదే?"

"కింద కూచోవల్ల షావుకారీ. నిలబడినోనికి కనపడదు, కుర్చీలో కూచున్నోనికీ అంతంతే."

"నాకు మోకాళ్ళు మడవవు గదప్పా."

అందరం ఇటూ అటూ చూసినాం. కాళ్ళు మడవకుండా నేలమీద కూచొనే జాగా ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. వదిన మగ్గం గుంత. షావుకారు పంచె ఎత్తి పట్టుకొని, గుంతలోకి కాళ్ళు దించి, నేతగాని మాదిరి దాని గట్టు మీద కూచున్నాడు. ఆయనకిటువైపు నేను, అటువైపు మా సందులో మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆమె. అంతసేపూ ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. చూస్తే నవ్వు ఆగదు.

కార్యక్రమం మొదలయింది. ముందు షావుకారి ముఖం. చాటంత. తెల్లపరుపు మీద కూచొని మాట్లాడుతాండాడు. గుంతలో షావుకారు మీసం సవరించుకున్నాడు. "రెండు పక్కలా ఆ నలుపేందప్పా, నిండుగా పెట్టొచ్చు గదా?"

"నిండుగా పెడితే నువ్వు ఇద్దరంత అయితావు షావుకారీ!" అన్నారు ఎవరో వెనకనుంచి.

తెరమీద షావుకారు అన్నాడు: "ఇది మా అంగట్లో మేమే గీయించిన బాదంకాయ అంచు."

నేను అన్న వైపు చూసినాను. ఆయన వదిననే చూస్తాండాడు.

అప్పుడు మగ్గం వచ్చింది. చేతులు వచ్చినాయి. ముఖం లేదు, పేరు లేదు. ఉత్త చేతులు. కుడి బొటనవేలు వచ్చి అంచు మీద నిలిచింది. తట్టంత గోరు, దాని నడుమ గాడి.

"నీ గోరు!" అనింది వదిన.

ఆమె ముందుకు జరిగింది. తెరను ఎవరూ ముట్టకూడదని ఆ ఇంట్లో కట్టడి. ఆమె అరచెయ్యి ఎత్తి ఆ గోటి మీద పెట్టింది. గోరు పక్కకు జరిగితే దాని కింద అంచు. కుంకుమ మీద బంగారం. ఒక్క పోగు చీలలేదు. ఆమె వేలు కాయ చుట్టూ తిరిగింది, నడుము కాడ లోపలికి పోయి, మళ్ళీ బయటికి వచ్చింది.

"ఇదేంది, బాదమంటాడు ఈ మనిషి?" అనింది. "బాదంకాయకు నడుముంటాదా? నరాలు చూడండి, గళ్ళు చూడండి! ఇది మా నాయన చేలో చెనిక్కాయ గదా!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఇంట్లో ఎవరెవరున్నారో ఆమె మరిచిపోయింది. చూపు తెర మీదే ఉంది.

షావుకారు గట్టు మీద చేతులూని పైకి లేచినాడు. పోవల్లనుకున్నాడు. గంజి పంచె గరగరమనింది.

వదిన తల తిప్పలేదు. "ఎవరప్పా వెనకాల నిలబడింది? కూచో! కూచుంటేనే కనపడేది. ఎంత బాగుండాదో చూడకుండా యాడికి పోతావు?"

షావుకారు ఒకసారి తెర వైపు చూసినాడు. నిలబడినాడు గదా, ఆయనకు ఏమీ కనపడి ఉండదు. మెల్లగా మళ్ళీ గుంతలోకి కాళ్ళు దించి కూచున్నాడు. తెరమీద షావుకారు ఇంకా బాదం బాదం అంటానే ఉన్నాడు. గుంతలో షావుకారు చాలాసేపు చూసి, "చెనిక్కాయే లేమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఆ అంచుకు బజారులో ఇంగొక పేరు లేదు. ఇప్పటికీ చెనిక్కాయంచే. పోయి అడగండి. అంగట్లో కూచోమన్నారా అంటే, అనలేదు. అంత మంచితనం ఒక్క ఆదివారానికి రాదు. అన్న మాత్రం ఆ సాయంత్రం పెట్టె వెనక తలుపు విప్పి, నన్ను పిలిచి, ఆ అద్దం చూపించినాడు. "గోరు పెట్టప్పా. మెల్లగా. చూస్తివా?" అని నా కంటే ఎక్కువ ఆయనే సంబరపడినాడు.

అన్న పోయి మూడేండ్లయింది. చూపు పూర్తిగా పోయినాక వదిన మడకశిరలో చెల్లెలింటికి చేరింది. ఇల్లు బాడుగకిచ్చినారు. బాడుగకొచ్చినోళ్ళు పెట్టె అడ్డమని గుజిరీకి వేసినారు.

ఇదంతా సగం నురగ ముఖంతోనే షాపాయనకు చెప్పినాను. నురగ ఎండిపోయి చర్మం లాగుతాంది. ఆయన కత్తి పట్టుకొని అట్లనే నిలబడి విన్నాడు. రోజంతా నిలబడే పని గదా ఆయనది.

నేను మెడకున్న గుడ్డ విప్పి కుర్చీలోంచి దిగినాను. "కూచోప్పా," అంటి.

"నేను కూచుంటే నీ గడ్డం ఎవరు గీస్తారు పెద్దాయనా?"

"గడ్డం యాడికీ పోదు. కూచో. అద్దానికి గోరు పెట్టి చూడు."

మొహమాటంగా నవ్వుతా, కత్తి పక్కన పెట్టి, తన షాపులో తన కుర్చీలో తాను కూచున్నాడు. ముందుకు వంగి గోరు ఆనించినాడు. తల అటు వంచి చూసినాడు, ఇటు వంచి చూసినాడు.

"సందే లేదు గదా పెద్దాయనా!" అన్నాడు.